పట్టిక తుదిని నిలిచిన పేర్లు

1975వ సంవత్సరపు వేసవిలో, ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు యువక్రీడాకారులను జట్లవారీగా పంచుకొను వార్షిక డ్రాఫ్టు జరుగుచుండగా, తొమ్మిదవ రౌండులో, 160వ పేరుగా, ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టువారు విక్టర్ ఖతూలెవ్ అను ఇరువదేండ్ల యువకుని ఎన్నుకొనిరి. అతడు రీగా నగరమున పుట్టి పెరిగినవాడు, డైనమో రీగా జట్టున ఆడుచుండెడివాడు, సోవియట్ పౌరుడు. సోవియట్ దేశమున ఆట నేర్చినవాని పేరు ఆ పట్టికకెక్కుట అదియే ప్రథమము. కాని ఎన్నుకొన్నవారికిని అతనికిని నడుమ ఒక సముద్రమే కాక, దానికంటె దాటరాని ప్రభుత్వ శాసనమొకటి యుండెను. ఖతూలెవ్ ఆ లీగులో ఒక్క ఆటయైనను ఆడలేదు. 1994లో, నలుబదేండ్లు నిండకుండగనే, రీగాలోనే అతడు కన్నుమూసెను.

డ్రాఫ్టు పట్టికలో పేరు ప్రక్కన నిలుచు సంఖ్యను క్రీడాలోకము ఆ బాలుని ప్రతిభకు కొలమానముగా చదువుచుండును. మొదటివాడు మేటి, రెండువందలవవాడు సామాన్యుడు అని వాడుక. రష్యా బాలుర విషయమున అర్ధశతాబ్దముగా ఈ కొలమానము వేరొకదానిని కొలిచినది. వాడు రాగలడా, రానిత్తురా, వచ్చినచో నిలుచునా, అసలు వానిని చూచుటకు మనము అంత దూరము పోగలమా అను ఎంపికదారుల సంశయమునే ఆ సంఖ్య కొలిచినది. ఆ చరిత్రను తుది పేర్లనుండి చదివినగాని దాని నిజస్వరూపము తెలియదు.

హాకీ యనగానే మన పాఠకునకు పచ్చికయు, బంతియు, ధ్యాన్‌చంద్ నామమును స్ఫురించుట సహజము. ఇక్కడి ఆట మంచుగడ్డపై సాగునది, బంతికి మారుగా మూడంగుళముల వ్యాసమును అంగుళము మందమును గల నల్లని రబ్బరు బిళ్ల, దానిని పక్ అందురు, పక్షమునకు ఆరుగురు. రష్యనులు పూర్వమునుండి మంచుపై బంతితో పదునొకండుగురు ఆడు బాండీయను ఆటయందు ఆరితేరినవారు. కెనడా పద్ధతి హాకీలో వారి మొదటి జాతీయ పోటీలు ఆరంభమైనది 1946 డిసెంబరు 22న. ఎనిమిదేండ్లు తిరుగకముందే, 1954లో, స్టాక్‌హోమున జరిగిన ప్రపంచ పోటీలలో, ఆ ఆటకు పుట్టినిల్లైన కెనడాను 7–2 తేడాతో ఓడించి జగజ్జేతలైరి. ఈ వేగమునకు కారకులైన శిక్షకులలో అగ్రగణ్యుడు అనతోలీ తరాసోవ్. బలముతో పైబడుటకంటె, పక్‌ను ఒకరినుండి యొకరికి అందించుకొనుచు, అది లేని చోటికి ముందే చేరుటయే ఆట యని బోధించిన మహనీయుడాయన. 1964లో ఆయన పూనికతో ‘జొలొతయా షైబా’, అనగా బంగారు పక్, అను బాలుర పోటీలు దేశవ్యాప్తముగా నెలకొనినవి.

ఆ బాలుర బడి ఏదియన, బహుళాంతస్తుల నివాస భవనముల నడిమి ముంగిలి. చుట్టును నడుమెత్తు కొయ్యపలకలు నిలిపి, శీతకాలారంభమున రాత్రివేళ గొట్టముతో నీరు చల్లి గడ్డకట్టించిన ఆ చదరమును వారు కొరోబ్కా అందురు, అనగా పెట్టె. మంచు కురిసిన ఉదయమున పిల్లలే పారలు పట్టి ఊడ్చుకొని, బడికి పోకముందు కొంతసేపు, వచ్చిన తరువాత చీకటిపడి తల్లులు కిటికీలనుండి కేకలు వేయువరకు ఆడుచుందురు. ఇరుకైన ఆ పెట్టెలో పదునైదుగురు పిల్లల నడుమ పక్‌ను కోల్పోకుండ తిప్పుకొనుట నేర్చినవాని చేతులలోని నేర్పు, పెద్ద మైదానమున కోచింగుతో వచ్చునది కాదు.

ఇక డ్రాఫ్టు అను ఆచారమును గూర్చి రెండు మాటలు. 1963లో మాంట్రియల్ నగరపు హోటలు గదిలో ఇది చిన్నగా మొదలైనది. గడచిన యేడు వెనుకబడిన జట్లకు ముందు వరుసలో కోరుకొను హక్కు నిచ్చి బలాబలములను సమము చేయుటయే దీని ఉద్దేశము. ఒకసారి పేరు వ్రాయించిన పిదప ఆ యువకునితో ఒప్పందము చేసికొను హక్కు ఆ జట్టుదే. పూర్వము పండ్రెండు రౌండులు, తరువాత తొమ్మిది, 2005నుండి ఏడు. మొదటి రౌండులలో తప్పు చేసినచో మేనేజరు ఉద్యోగమునకే ముప్పు. తుది రౌండులలో దక్కినది దక్కుదల. సోవియట్ పేర్లు తుదిని చేరుటకు ఇంతకంటె కారణము వెదకనక్కరలేదు.

1972 సెప్టెంబరు 2న మాంట్రియల్ ఫోరమున సోవియట్ జట్టు కెనడా వృత్తిక్రీడాకారులను 7–3తో ఓడించిన రాత్రి తరువాత, రష్యనులకు ఆట రాదని యనగలవాడు ఖండమున లేకపోయెను. ఎనిమిది ఆటల ఆ పోరును కెనడా నాలుగు గెలిచి, మూడు ఓడి, ఒకటి సమము చేసి యెట్టకేలకు దక్కించుకొనినది. అట్లు ఎరిగియు, ఆ తరమున జగమున మేటి రక్షకుడని పేరొందిన వ్యాచెస్లావ్ ఫెతీసోవ్‌ను 1978లో మాంట్రియల్ జట్టు 201వ స్థానమునను, 1983లో న్యూజెర్సీ జట్టు మరల 150వ స్థానమునను ఎన్నుకొనిరి. అదే 1983లో గోల్‌కీపరు వ్లదిస్లావ్ త్రెత్యాక్ 138వ వాడు, సెర్గేయ్ మకారోవ్ 231వ వాడు. 1985లో ఈగర్ లరియోనోవ్ 214వ వాడు. 1986లో వ్లదీమిర్ క్రుతోవ్ 238వ వాడు. ప్రపంచమున వీరికి సాటి వచ్చువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. వీరిలో పెక్కురు సైన్యపు జట్టైన సెస్కాలో ఆడుటచే చట్టరీత్యా సైనికాధికారులు. యేడాదిలో అధికభాగము కుటుంబములకు దూరముగా శిక్షణ శిబిరమున గడుపువారు. త్రెత్యాక్ మాంట్రియల్ పోవుటకు ఆశపడెను; అనుమతి రాలేదు; 1984లో, ముప్పది రెండేండ్లకే, ఆటను విడిచెను. ఆ లీగున ఒక్క దినమైనను ఆడనివాని పేరు 1989లో హాకీ కీర్తిమందిరమున చేరుట నాకు న్యాయముగనే తోచుచున్నది; కాని ఆ న్యాయము ఆటకు బదులు కాజాలదు.

ద్వారము తెరచుకొనుటలో ఒక విచిత్రము కలదు. అధికారికముగా అనుమతి పొంది ఆ లీగున చేరిన మొదటి సోవియట్ ఆటగాడు సెర్గేయ్ ప్ర్యాఖిన్. 1988 డ్రాఫ్టున కాల్గరీ జట్టు అతనిని 252వ స్థానమున, అనగా ఆ యేటి పట్టికలో కట్టకడపటి పేరుగా, వ్రాయించియుండెను. 1989 మార్చిలో అతడు వచ్చి చేరెను. ఆ తరువాత ఫెతీసోవ్ ప్రభృతులు తమ శిక్షకుడైన తీఖొనోవ్‌తోను అధికారులతోను బహిరంగముగా పోరాడి వెలువడిరి. అప్పటికి వారు ముప్పదియేండ్ల ప్రాంతపు వారు. మకారోవ్ వచ్చిన మొదటి యేడే ఉత్తమ నూతన క్రీడాకారుని బహుమానము గెలువగా, ముప్పదియొక్క యేండ్లవాడు నూతనుడేమని లీగువారు తరువాత ఆ బహుమానమునకు వయోనియమము పెట్టిరి. తప్పు మకారోవ్‌ది కాదు. అతనికి నూతనుడు కాదగిన వయస్సున దారి లేకపోయినది.

యువకులు అంతవరకు ఆగలేదు. ఖబారొవ్స్క్‌నుండి వచ్చిన అలెక్సాందర్ మొగీల్నీని 1988లో బఫెలో జట్టు 89వ వానిగా ఎన్నుకొనగా, 1989 మే నెలలో స్టాక్‌హోమ్ పోటీలు ముగిసిన వెంటనే అతడు జట్టును విడిచి రహస్యముగా అమెరికా చేరెను. వీపుపై 89 అను అంకెనే ధరించి, 1992–93లో 76 గోల్‌లు చేసెను. ప్స్కోవ్‌లో పుట్టిన సెర్గేయ్ ఫ్యోదొరోవ్‌ను డెట్రాయిట్ జట్టు 1989లో 74వ స్థానమున కోరుకొని, మరుసటి యేడు పోర్ట్‌లండ్ నగరమున సోవియట్ జట్టు బసచేసిన హోటలునుండి అతనిని విమానమున తరలించుకొనిపోయినది. అదే డెట్రాయిట్, అదే డ్రాఫ్టున, 221వ స్థానమున మూర్మన్స్క్ వాసి వ్లదీమిర్ కొన్స్తంతీనొవ్‌ను కోరినది. 1997లో ఆ జట్టు లీగు విజేతకిచ్చు స్టాన్లీ కప్పు గెలిచినపుడు దాని వెన్నెముకగా నిలిచిన రష్యనులు ఐదుగురు.

1989 డ్రాఫ్టు కథలలో పావెల్ బూరేది వేరొక జాతి. పదునెనిమిదేండ్ల ఐరోపా యువకుని మూడు రౌండుల తరువాత ఎన్నుకొనవలెనన్నచో, అతడు రెండు సంవత్సరములు పైతరగతి జట్టున, యేటికి పదునొకండు ఆటలకు తగ్గకుండ ఆడియుండవలెనని నాటి నియమము. బూరే మొదటి యేడు అన్ని ఆడలేదని పెక్కు జట్లవారు అతనిని ప్రక్కన బెట్టిరి. వాంకూవర్ వారి స్కౌటు, అనగా ఆటగాండ్రను వెదకి చూచువాడు, మాత్రము లీగు లెక్కలకెక్కని విదేశీ ప్రదర్శన ఆటలలోను అతడు ఆడినట్లు తెలిసికొని, ఆరవ రౌండున 113వ పేరుగా వ్రాయించెను. తక్కినవారు మండిపడిరి. లీగు అధ్యక్షుడు జాన్ జీగ్లర్ 1990 మే నెలలో ఆ ఎంపిక చెల్లదని తీర్పు చెప్పెను. పిమ్మట లరియోనోవ్ తోడ్పాటుతో మాస్కోనుండి ఆటల పత్రములు తెప్పించి చూపగా, జూన్‌లో ఆ తీర్పును తానే మార్చుకొనెను. ఒక బాలుని భవిష్యత్తు కొన్ని ఆటల పేరుల చీటీలపై ఆధారపడిన వైనమిది. అదే డ్రాఫ్టున రీగాకు చెందిన హెల్ముత్స్ బల్దెరిస్‌ను మినసోటా జట్టు 238వ వానిగా కోరినది; అప్పటి కాతని వయస్సు ముప్పదియారు. ఖతూలెవ్‌కు ఒకనాటి సహచరుడతడు.

సోవియట్ రాజ్యము కూలిన పిమ్మట, 1992లో అలెక్సీ యాషిన్ రెండవ వానిగా ఎంపికయ్యెను. 2001లో ఇల్యా కొవల్చుక్, 2004లో అలెక్సాందర్ ఒవెచ్కిన్ ప్రథమస్థానములనే పొందిరి. శాసనపు గోడ లేకపోయినను భౌగోళికమైన దూరము మిగిలెను. ఉస్త్-కమెనొగొర్స్క్ గోల్‌కీపరు యెవ్గేనీ నబోకొవ్ 1994లో 219వ వాడు. స్వెర్ద్‌లొవ్స్క్ గోల్‌కీపరు నికొలాయ్ ఖబిబూలిన్ 1992లో 204వ వాడు. వొస్క్రెసెన్స్క్‌కు చెందిన అంద్రేయ్ మార్కొవ్ 1998లో 162వ వాడు, తరువాత మాంట్రియల్ జట్టున 990 ఆటలు ఆడినవాడు.

వీరందరిలో దూరముయొక్క మహిమను స్ఫుటముగా చూపునది పావెల్ దత్స్యూక్ వృత్తాంతము. ఉరాల్ పర్వతముల తూర్పున, యెకతెరీన్‌బుర్గ్‌లో, పలుచని దేహము గల ఈ బాలుడు రెండు డ్రాఫ్టులలో ఎవరి కంటనుపడక గడచెను. డెట్రాయిట్ స్కౌటు హోకన్ ఆండెర్సన్ ఆ ప్రాంతమునకు పోయినది ఇతనికై కాదు, ద్మీత్రీ కలీనిన్ అను రక్షకుని చూచుటకు. చూడవచ్చినవానిని విడిచి, ఎదుట పక్‌ను తన మాట వినిపించుకొనుచున్న ఆ చిన్నవానిపై ఆయన చూపు నిలిచినది. మరియొక మారు పోవ బయలుదేరగా మంచుతుఫాను వలన విమానము ఆగిపోయినదనియు, అదే విమానమున మరియొక జట్టు స్కౌటును ఉండెననియు, అందుచే అతడును చూడలేకపోయెననియు ప్రసిద్ధముగా చెప్పుదురు. 1998లో ఆరవ రౌండున, 171వ పేరుగా, పందొమ్మిదేండ్ల దత్స్యూక్‌ను డెట్రాయిట్ వ్రాయించినది. రెండు స్టాన్లీ కప్పులు, ఉత్తమ రక్షణాత్మక ముందువరుస ఆటగానికిచ్చు సెల్కీ బహుమానము మూడుమార్లు, 2024లో కీర్తిమందిర ప్రవేశము ఆ 171 వెనుక దాగియుండినవి. ఆ విమానము ఆగకయుండినచో ఎవరు చూచియుందురో ఊహింపవచ్చును. ఆండెర్సన్ అసలు పోకయుండినచో ఏమగునో ఊహించుటకు నాకు మనసొప్పదు.

2005 తరువాత పాత సంశయము కొత్త వేషమున తిరిగివచ్చినది. ఆటగాండ్ర బదిలీకై అంతర్జాతీయ సమాఖ్య కుదిర్చిన ఒప్పందమున రష్యా సంతకము చేయలేదు. 2006లో యెవ్గేనీ మాల్కిన్ తన జట్టును హెల్సింకీలో విడిచి వెడలవలసివచ్చెను. 2008లో రష్యా కేంద్రముగా కాంటినెంటల్ హాకీ లీగు పుట్టి, పెద్ద జీతములతో ఇంటనే నిలువమని యువకులను పిలిచినది. అలెక్సాందర్ రదూలొవ్, నాష్‌విల్‌తో ఒప్పందము మిగిలియుండగనే, ఉఫాకు మరలిపోయెను. ఒకడు మరలిపోయిన పాపము పదిమంది బాలుర పద్దున పడెను. అంతకుముందే, ఇట్టి సంశయము చేతనే, ఐరోపా ఆటగాండ్రలో ప్రథమునిగా గణింపబడిన అలెక్సీ చెరెపానొవ్ 2007లో 17వ స్థానమువరకు జారియుండెను. ఆ మరుసటి యేడు అక్టోబరు 13న, పందొమ్మిదేండ్లకే, ఆట నడుమ కుప్పకూలి మరణించెను.

2011 జనవరి 5న బఫెలో నగరమున ప్రపంచ జూనియర్ పోటీల తుది ఆట. రెండు భాగములు ముగియునప్పటికి కెనడా 3, రష్యా సున్న. మూడవ భాగమున రష్యా వరుసగా ఐదు గోల్‌లు చేసి గెలిచినది. అందు మొదటిదియు, ఆధిక్యమునిచ్చిన నాలుగవదియు అర్తేమీ పనారిన్ చేసినవి. వేలమంది యెదుట, సమస్త జట్ల స్కౌట్లు కూర్చుండిన సభలో, అమెరికా గడ్డపైననే జరిగిన ఘనకార్యమది. ఐనను ఏ డ్రాఫ్టునను అతని పేరు పలికినవారు లేరు. అతడు చెల్యాబిన్స్క్ సమీపమున, దాదాపు అర కిలోమీటరు లోతైన బొగ్గు గోతి అంచున వెలసిన కొర్కినో పట్టణపు వాడు. తాతయు అవ్వయు పెంచిన బిడ్డ. వయఃపరిమితి దాటి, ఎవరి హక్కును తనపై లేనివాడై, 2015లో షికాగోతో సంతకము చేసి, ఆడిన మొదటి యేడే ఉత్తమ నూతన క్రీడాకారుడయ్యెను. ఇచట దూరము కారణము కాదు; అందరును చూచిరి. చూచినదానిని నమ్ముటకు ధైర్యము చాలలేదు.

ఇక నొవొకుజ్‌నెత్స్క్. మాస్కోకు మూడువేల కిలోమీటర్లకు పైగా తూర్పున, గడియారము నాలుగు గంటలు ముందు నడచు సైబీరియా నగరమిది. 1857లో దొస్తొయెవ్‌స్కీ తన మొదటి వివాహము చేసికొన్న పాత కుజ్‌నెత్స్క్ పట్టణమే తరువాతి కాలమున దీనిలో కలిసిపోయినది. 1930 ప్రాంతమున ఇచట వెలసిన గొప్ప ఉక్కు కర్మాగారము, చుట్టు గల కుజ్‌బాస్ బొగ్గుగనులు ఈ నగరమునకు ప్రాణము. మన విశాఖ ఉక్కు నిర్మాణమునకు చేయూతనిచ్చిన సోవియట్ లోహపరిశ్రమ ఇట్టి నగరములందు తీర్చిదిద్దబడినదే. ఊరి జట్టు పేరు మెతల్లూర్గ్, అనగా లోహకారుడు. ఆడు సభాభవనము పేరు కుజ్‌నెత్స్క్ లోహకారుల క్రీడామందిరము. ఆ జట్టు పైలీగులో తన తుది యేండ్లలో అగ్రశ్రేణిన నిలువలేదు. పట్టికలో అడుగుననే యుండెడిది.

ఆ అడుగు జట్టునుండి వచ్చినవారిని చూడుడు. సెర్గేయ్ బొబ్రొవ్‌స్కీ, గనికార్మికుని కొడుకు, ఏ డ్రాఫ్టునను ఎవరికిని పట్టలేదు. 2010లో ఫిలడెల్ఫియాతో స్వయముగా సంతకము చేసి, ఉత్తమ గోల్‌కీపరుకు ఇచ్చు వెజినా బహుమానమును 2013లోను, 2017లోను గెలిచి, 2024, 2025 సంవత్సరములలో ఫ్లోరిడా జట్టుతో స్టాన్లీ కప్పు నెత్తెను. సమీపపు మెజ్‌దురెచెన్స్క్ వాసి ఇల్యా సొరోకిన్ 2014లో 78వ వాడు. కిరీల్ కప్రీజొవ్ పొట్టివాడు. ఓడిపోవుచున్న జట్టున పదునేడేండ్లకే పెద్దలతో ఆడినవాడు. 2015లో మినసోటా అతనిని ఐదవ రౌండున, 135వ పేరుగా, వ్రాయించినది. ఓడు జట్టున ఆడు బాలునికి ఒక నష్టము కలదు: అంకెలు చిన్నవగును. గోల్‌లు తక్కువ, అందించుటలు తక్కువ, పక్ ఎప్పుడును ఎదుటివారి వద్దనే. కాగితము చూచి తూచువానికి అతడు సామాన్యుడు. ఒక్క సాయంకాలము ఆ మందిరమున కూర్చుండి, ముగ్గురు రక్షకుల నడుమనుండి అతడు వెలువడు తీరు చూచినవానికి కాడు.

బదిలీ ఒప్పందము లేకపోవుటచే రష్యాలోని ఆటగానిపై జట్టు హక్కు అప్పట్లో గడువులేక నిలిచెడిది గనుక మినసోటా వేచియుండెను. కప్రీజొవ్ ఉఫాలోను, సెస్కాలోను ఆడి, 2018 ఫిబ్రవరి 25న శీతకాల ఒలింపిక్ తుది ఆటలో, అదనపు సమయమున, జర్మనీపై స్వర్ణపతక గోల్ చేసెను. 2020లో ఒప్పందము కుదిరి మినసోటా చేరి, మొదటి సంవత్సరమే ఉత్తమ నూతనుడయ్యెను. 2025లో అతనికి దక్కిన ఎనిమిదేండ్ల ఒప్పందము విలువ 13 కోట్ల 60 లక్షల డాలర్లు. ఆ లీగున అంతవరకు ఎవరికిని దక్కని మొత్తమది. 135వ పేరు!

నొవొకుజ్‌నెత్స్క్ జట్టును మాత్రము 2017లో పైలీగునుండి తొలగించిరి. అది రెండవ తరగతి లీగునకు దిగెను. 2022 ఫిబ్రవరి 28న ఉక్రెయిన్ యుద్ధకారణమున రష్యా, బెలరూస్ జట్లను అంతర్జాతీయ పోటీలనుండి వెలివేసిరి. యుద్ధమునకు ఆ శిక్ష తగినదా కాదా యను చర్చ వేరు. ఆటవరకు దాని ఫలితమిది: పదునెనిమిదేండ్ల లోపువారి ప్రపంచ పోటీలలో రష్యా బాలుడు కనబడకుండ పోయెను; స్కౌట్ల ప్రయాణములు సన్నగిల్లినవి; చూపు వీడియో తెరకు పరిమితమైనది. ఐనను పెద్ద క్లబ్బుల బాలుర పేర్లు పైకి వచ్చుచునే యున్నవి. 2023లో మత్వేయ్ మిచ్కొవ్ ఏడవ వాడు, 2024లో ఇవాన్ దెమీదొవ్ ఐదవ వాడు. ఇద్దరును సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని స్కా సంస్థవారు. మాస్కో, పీటర్స్‌బర్గ్‌ల ఆటలు నాణ్యమైన కెమెరాలతో చిత్రితములై ఎల్లరకును అందును. కుజ్‌బాస్‌లో, ఉరాల్ తూర్పున, రెండవ తరగతి లీగులందు ఆడు బాలుని ఆట ఒక్క కెమెరాతో, దూరమునుండి, పక్ వెంట మాత్రమే తిరుగుచు పట్టబడును. పక్ లేనపుడు అతడెచట నిలిచెనో, ఎవరికంటె ముందు ఎచటికి చేరెనో, తరాసోవ్ ఆటయని దేనిని బోధించెనో అది ఆ తెరపై ఉండదు. అది చూడవలెనన్నచో ఇంకను విమానమెక్కి, గడియారము నాలుగు గంటలు ముందుకు త్రిప్పుకొని, ఆ లోహకారుల మందిరమునకే పోవలెను. ఏ జట్టువారు పోవుదురో, రాబోవు డ్రాఫ్టుల ఐదవ, ఆరవ రౌండులు తెలుపును.